సీటు వద్దని రాసిచ్చిన ఉత్తరం

ఏటా ఎండాకాలం ముగిసే వేళకు మా కిష్టారెడ్డిపేట అపార్టుమెంటులో నాకు హఠాత్తుగా గౌరవం పెరుగుతుంది. మిగతా పదకొండు నెలలు లిఫ్టులో నన్ను చూసి ఫోనులోకి తల దించుకునేవాళ్లు ఆ ఒక్క నెలా "టీ తాగారా అంకుల్" అని అడుగుతారు. ఇంట్లో ఎవరికో ఇంటర్ అయిపోయి ఉంటుంది. ఇంజనీరింగా, బీఎస్సీయా అన్న సందేహం తీర్చడానికి మందుల కంపెనీలో జుట్టు నెరిసిన మనిషి ఒకడు కావాలి. నేనిప్పుడు ఎవరికీ సలహాలు చెప్పను. మోకాళ్ల నొప్పులని చెప్పి తలుపు వేసుకుంటాను. ఎందుకు చెప్పనో ఒకసారి రాసి పెడితే, వచ్చే ఏడాది నుంచి మీరు నా తలుపు తట్టకుండా ఇది చదువుకుని ఊరుకుంటారని ఆశ.

ఎనభైల మొదట్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా పట్టుకుని బొల్లారంలో మందుల ముడిసరుకు తయారుచేసే ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో చేరాను. సంగారెడ్డిలో ఇల్లు, పొద్దున్నే కంపెనీ బస్సు, రోజంతా క్వాలిటీ కంట్రోల్ ల్యాబు. ప్లాంటులో తయారైన ప్రతి బ్యాచ్ నుంచి ఒక చిన్న సీసాలో శాంపిల్ మా దగ్గరికి వచ్చేది. మేము పరీక్ష చేసి పాస్ అనో ఫెయిల్ అనో చీటీ రాసి పంపాలి. ల్యాబుకూ ప్లాంటుకూ మధ్య గోడలో ఒక కిటికీ ఉండేది. సీసాలు అందులోంచే వచ్చేవి, చీటీలు అందులోంచే పోయేవి. ప్లాంటు వాళ్లు లోపలికి రాకూడదు, మేము బయటికి పోనక్కర్లేదు. అన్నేళ్లు లోకాన్ని ఆ కిటికీలోంచి చూసేసరికి, ఈ భూమ్మీద ఉన్నవన్నీ పాసో ఫెయిలో అయి ఉంటాయనీ, ఆ చీటీ రాసే హక్కు నాకే ఉందనీ ఒక నమ్మకం కుదిరిపోయింది.

ఇంజనీర్లంటే నాకు పడేది కాదు. ఇప్పుడు నా ఇంక్రిమెంటు ఆపేవాళ్లు లేరు కాబట్టి దాచుకోనక్కర్లేదు. నేను చేరిన ఎనిమిదేళ్లకు ప్రొడక్షన్‌లో ఒక బీటెక్ అతను ట్రైనీగా వచ్చాడు. నాలుగేళ్లు తిరిగేసరికి మేనేజరయ్యాడు. నేను అప్పటికి సీనియర్ కెమిస్టును. ఆ తర్వాత కూడా చాలా కాలం సీనియర్ కెమిస్టునే. ఆయనది కోస్తా, మాట మెత్తన. "మాస్టారూ, ఈ బ్యాచ్ కొంచెం చూసి పాస్ చేయండి, బయట లారీ నిలబడి ఉంది" అనేవాడు. లారీ నిలబడితే మందులో మలినం తగ్గుతుందని ఆయనకు ఏ కాలేజీలో చెప్పారో నాకు తెలియదు. డ్రయ్యర్లో పొడి తొందరగా ఆరాలని వేడి పెంచేవాడు. తెల్లగా రావాల్సిన సరుకు పచ్చబడేది. ట్యూబులైటు కింద చూస్తే అలాగే కనిపిస్తుందని వాదించేవాడు. నేను ఫెయిల్ చీటీ రాసేవాణ్ణి. ఆయన పై అధికారి దగ్గరికి వెళ్లేవాడు. పై అధికారి కూడా ఇంజనీరే.

తొంభైల చివర్లో ఇంజనీరింగ్ కాలేజీల జబ్బు మొదలైంది. పటాన్‌చెరు దాటి హైవే మీద పోతుంటే, మొన్నటిదాకా కోళ్లఫారం ఉన్న షెడ్డుకు ఇవాళ ఒక ప్రిన్సిపాల్ ఉండేవాడు. కంపెనీలో పనిచేసే వాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల రైతులు, కూలీలు. వాళ్ల ఇళ్లలో ఇంటర్ దాకా వచ్చిన మొదటి పిల్లలు వీళ్లు. ఎవరిని అడగాలో తెలియక నన్ను అడిగేవాళ్లు. అలా నా కిటికీలోంచి శాంపిల్ సీసాలతో పాటు ఎంసెట్ ర్యాంకు కార్డులు రావడం మొదలైంది. నేను వాటికీ చీటీ రాసేవాణ్ణి. ఇంజనీరంటే బోల్టు బిగించేవాడు, సైన్సు చదివినవాడంటే ఆ బోల్టు ఎందుకు ఊడిందో తెలిసినవాడు అని క్యాంటీనులో అందరికీ వినపడేటట్టు చెప్పేవాణ్ణి. అందరూ తలలూపేవాళ్లు. వారం తిరక్కుండా పిల్లల్ని తీసుకుపోయి ఆ కోళ్లఫారంలోనే చేర్చేవాళ్లు. నా మాట విని ఆచరించిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కడే. అతని గురించే ఇప్పుడు చెప్పబోయేది.

అతను రియాక్టర్ ఆపరేటర్, అంటే మందు సరుకు వండే పెద్ద పాత్ర దగ్గర పని. దాదాపు నా ఈడు. బొంతపల్లి పక్కన ఊరు, తాతల నాటి నుంచి కూలీ కుటుంబం. తెలుగు వేలు పెట్టి కూడబలుక్కుని చదివేవాడు. కానీ ముక్కు మాత్రం మా ల్యాబులో ఉన్న విదేశీ యంత్రం కంటే నమ్మకమైనది. ఒకసారి ఒక డ్రమ్ము మూత తీసి, ఇది లేబుల్ మీద రాసిన ద్రావకం కాదు, వాసన వేరే ఉంది అని పని ఆపేశాడు. మేనేజరు లేబుల్ చూపించి, చదువురాని వాడివి నీకేం తెలుసని కోప్పడ్డాడు. అతను చిన్న సీసాలో పట్టి నా కిటికీలో పెట్టాడు. పరీక్ష చేశాను. అతను చెప్పిందే నిజం. ఆ ద్రావకం పోసి ఉంటే ఆ పూట ప్లాంటులో ఏమయ్యేదో తలచుకోకపోవడమే మంచిది. నేను చేసింది అరగంట పని. కానీ మేనేజరు మాట మీద నా చీటీ గెలిచిన ఆ రోజు నుంచి అతనికి నేను దేవుణ్ణి. ఆ పదవి నాకు బాగా నచ్చింది.

అతని గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తల్లికి బాగాలేక, చెప్పకుండా మూడు రోజులు డ్యూటీకి రాలేదట. మెమో ఇచ్చారు. ఆ మెమో కాగితం అతని మనసులో ఎంత లోతుగా దిగిందంటే, తర్వాత ఒకసారి జ్వరం వస్తే, ఈ పూట రాలేనని చెప్పడానికి ఊరి నుంచి గేటు దాకా సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సెక్యూరిటీ వాడికి చెప్పి మళ్లీ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. వచ్చినవాడివి డ్యూటీ చేసి పోవచ్చు కదా అని మేమంతా నెల రోజులు నవ్వుకున్నాం.

అతని పెద్ద కూతురు ఎంపీసీ చదివి ఎంసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకుంది. ఒక సాయంత్రం షిఫ్టు దిగాక కంపెనీ గేటు ఎదురుగా ఉన్న టీ హోటలుకు ఆ అమ్మాయిని తీసుకొచ్చాడు. మూడో తరగతి చదివే చిన్న కూతురు కూడా వెంట వచ్చి బల్ల మీద కూర్చుని బన్ను తింటోంది.

"మా బిడ్డకు హైదరాబాద్ల సర్కారు కాలేజీలనే కెమికల్ ఇంజనీరింగ్ వస్తదంటున్నరు సార్. ఫీజు సుత ఎక్కువ గాదంట. మేనేజర్ సార్ గదే తీసుకో అంటుండు. మీరేమంటరు?"

మేనేజర్ సార్ అన్న మాట వినకపోయి ఉంటే నేను కాస్త ఆలోచించేవాణ్ణేమో. విన్నాక ఆలోచించాల్సిన అవసరం కనిపించలేదు. ఆ అమ్మాయిని నేనేమీ అడగలేదు. తనంతట తానే చెప్పింది.

"సార్, మీ ల్యాబ్ల గాజుగ్లాసుల మంచిగయ్యేది పెద్ద రియాక్టర్ల పోసినంక ఎందుకు ఖరాబైతది? నాయిన ఇంటికొచ్చి రోజూ గదే చెప్తడు. గది ఎందుకట్లయితదో చదువుకోవాలని ఉన్నది."

ఇది చదివే పిల్లలు ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే కెమికల్ ఇంజనీరింగ్ అనే చదువు పుట్టింది. గ్లాసులో ఒక చెంచా సరుకు వేడిని ఇట్టే వదిలేస్తుంది. అంత పెద్ద రియాక్టరు వదలదు, లోపల మరిగి మరిగి సరుకును పాడు చేస్తుంది. నా సర్వీసులో బీటెక్ మేనేజరుతో సహా ఒక్క మనిషి కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. మొదటిసారి అడిగింది పదిహేడేళ్ల పిల్ల, అదీ టీ హోటల్లో. ఇదంతా నాకు అప్పుడే తెలుసు. తెలిసే అన్నాను.

"అదంత కెమిస్ట్రీనే బిడ్డా. ఇంజనీర్లకు పైపులు తప్ప ఏం తెల్వది. సంగారెడ్డిల బీఎస్సీ చెయ్యి, ఆ తర్వాత ఎమ్మెస్సీ. అసలు చదువంటే అది."

"మేనేజర్ సార్ ఇంజనీరే గద సార్?"

"అందుకే గద బ్యాచ్‌లు ఖరాబయ్యేది."

ఆపరేటర్ గట్టిగా నవ్వాడు. టీ పోసే అతనూ నవ్వాడు. పక్క బల్ల మీద కూర్చున్న మా కంపెనీ వాళ్లు ఆ మాటను మర్నాటికల్లా ప్లాంటంతా పంచారు. అది మేనేజరు చెవిన పడి ఆయన మొహం మాడిపోయిందని తెలిసి నేను రెండు రోజులు ఉత్సాహంగా ఉన్నాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. టీ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అమ్మాయి కూడా ఆ ఏడాదే ఎంసెట్ రాసింది. ర్యాంకు ఆపరేటర్ కూతురికన్నా కొంచెం వెనక. మా ఇంట్లో సైన్సు గొప్పదా, ఇంజనీరింగ్ గొప్పదా అన్న చర్చే లేదు. ఒకసారి అలవాటు కొద్దీ నేను మొదలుపెట్టబోతే మా ఆవిడ కూర తరుగుతూ తలెత్తకుండా అంది.

"క్యాంటీన్ల చెప్పే ముచ్చట్లు ఇంట్ల చెప్పకు. నీ ఎమ్మెస్సీతోని మనమేం చూసినమో నాకు తెల్సు."

నాకూ తెలుసు. నేను నమ్మేది ఒకటి, నాకు తెలిసింది ఇంకొకటి. నమ్మింది క్యాంటీనులో పంచిపెట్టాను, తెలిసింది ఇంటికి తీసుకుపోయాను.

పది రోజుల తర్వాత ఆపరేటర్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. చేతిలో శాంపిల్ సీసా లేదు.

"కౌన్సెలింగ్‌కు రమ్మని తారీకు పడ్డది సార్. మనకు వద్దు గద. వద్దని జెర ఒక ఉత్తరం రాసియ్యిండ్రి, ఇచ్చొస్త."

సీటు అక్కర్లేని వాళ్లు వెళ్లనక్కర్లేదు, ఇంట్లో కూర్చుంటే చాలు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు నిమిషం పట్టదు. కానీ జ్వరమొచ్చి సైకిలు మీద వచ్చిన మనిషి గుర్తొచ్చి నవ్వొచ్చింది. చెప్పి రాకుండా ఉండటం అతని మతం. సరే కానీ అని ఒక తెల్ల కాగితం తీసుకుని నా ముత్యాల దస్తూరీతో రాశాను. అయ్యా, మా కుమార్తెకు తమరు దయతో ఇవ్వబోయే ఇంజనీరింగ్ సీటు మాకు అవసరం లేదు, ఆమెను సైన్సు చదివించ నిశ్చయించుకున్నాము, కావున ఆ సీటును అవసరం ఉన్న వేరొకరికి ఇప్పించ ప్రార్థన అని. అతను కింద సంతకం పెట్టి కాగితాన్ని రెండు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. అతను వెళ్లాక ల్యాబులో ఇద్దరు జూనియర్లకు ఆ ఉత్తరంలో ఏం రాశానో చదివి వినిపించినట్టు చెప్పాను. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. తారీకు ఎప్పుడని మాత్రం నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ కౌన్సెలింగ్‌కు కనీసం ఇంకో తలుపులోంచి పోయేవాణ్ణి.

నేను ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి మా అమ్మాయిని హైదరాబాదు కౌన్సెలింగ్ హాలుకు తీసుకుపోయాను. హాలు నిండా కుర్చీలు, తండ్రులు, ఫైళ్లు. ఎదురుగా పైన టీవీ తెరలు. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో అందులో కనిపిస్తుంది. ఆడపిల్లల కోటాలో ఆ సర్కారు కాలేజీ కెమికల్ ఇంజనీరింగ్‌కు ఎదురుగా రెండు అని ఉంది. నేను ఆ రెండు మీద కన్నేసి కూర్చున్నాను.

"సార్."

ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన జుట్టు. పక్కన కూతురు. జేబులోంచి నా ఉత్తరం అంచు కనిపిస్తోంది. నన్ను అక్కడ చూసినందుకు అతని మొహం వెలిగిపోయింది.

"మీరు సుత వద్దని చెప్పనీకె వచ్చిండ్రా సార్?"

జవాబు చెప్పడానికి నాకు ఎంతో సమయం ఉంది. మా అమ్మాయి కూడా తీసుకుంటోంది, నువ్వూ తీసుకో, ఆ రోజు నేను చెప్పింది పొగరు మాట అని చెప్పొచ్చు. ఆ ఉత్తరం అతని జేబులోంచి లాగి చింపేయొచ్చు.

"అవును" అన్నాను.

మా అమ్మాయి తల తిప్పి నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

"నేను చెప్పలేదా బిడ్డా" అన్నాడు అతను కూతురితో. "సార్ చెప్పిందే చేస్తడు. మన పని ఒక్కటే సార్. అయినంక కలిసే పోదాం, మేము ఆగుతం."

"మాకు లేటయితది. మీరు పోండి" అన్నాను.

అతని కూతురు మాత్రం మా అమ్మాయి ఒడిలో ఉన్న ఫైలు చూస్తోంది. అందులో ఒరిజినల్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్టు ఫొటోలు, పైన పిన్ను పెట్టిన ఫీజు డీడీ. తన చేతిలో ర్యాంకు కార్డు ఉన్న చిన్న కవరు తప్ప ఏమీ లేదు. ఆ అమ్మాయికి లెక్క ఎక్కడ తప్పిందో తెలిసిపోయిందని నాకు అర్థమైంది.

ఈలోపు మైకులో పేర్లు పిలిచారు. ఇద్దరు అమ్మాయిల తర్వాత ఆమె వంతు. మొదటి అమ్మాయి వెళ్లి రాగానే తెర మీద రెండు కాస్తా ఒకటయింది. రెండో అమ్మాయి వేరే బ్రాంచి తీసుకుంది. తర్వాత తండ్రీకూతుళ్లు బల్ల దగ్గరికి వెళ్లారు. నేను మూడు వరసల వెనక కూర్చున్నాను, అన్నీ వినపడుతున్నాయి. బల్ల దగ్గర ఉన్న అధికారి ఉత్తరం చదివి అద్దాలు తీశాడు.

"వద్దనుకుంటే రాకపోతే సరిపోయేది కదయ్యా. ఈ లెటర్ ఎందుకు?"

"చెప్పకుంట రాకపోతే తప్పు గద సార్" అన్నాడు ఆపరేటర్.

అధికారి ఉత్తరాన్ని పక్కన పెట్టాడు. ఆ హాలులో నా కన్నా మంచివాడు ఆయన. అమ్మాయి వైపు తిరిగి అడిగాడు. "నీకిష్టమేనా అమ్మా? కెమికల్‌లో ఒక సీటు ఉంది. ఇప్పుడు తీసుకోవచ్చు. సర్టిఫికెట్లు సాయంత్రంలోగా తెచ్చినా చూస్తాను."

ఆమె వెనక్కి తిరిగి మూడు వరసల మీదుగా నన్ను చూసింది. కోపంగా ఏమీ చూడలేదు. నేను లేచి నిలబడతానేమో అని చూసింది, అంతే. నేను ఫైలులోకి తల వంచి, అప్పటికి ఐదుసార్లు చూసిన సర్టిఫికెట్లను ఆరోసారి లెక్కపెట్టాను.

"ఇష్టమే సార్. వద్దు" అంది.

వాళ్లు వెళ్లేటప్పుడు ఆపరేటర్ దూరం నుంచే నాకు నమస్తే పెట్టాడు. పెద్ద పని పూర్తి చేసిన మనిషిలా ఉన్నాడు. ఇరవై నిమిషాలకు మా అమ్మాయిని పిలిచారు. తెర మీద ఆ ఒకటి ఇంకా అలాగే ఉంది. లేచే ముందు మా అమ్మాయి నా చెవి దగ్గర మెల్లగా అడిగింది.

"ఆమె వదిలేసిందే కదా నాన్నా అది?"

"సీట్లకు పేర్లుండవు" అన్నాను. ముప్పై ఏళ్లలో నేను పాస్ చేసిన వాటన్నిటిలో అంత చెత్త బ్యాచ్ ఇంకొకటి లేదు.

తర్వాతి వారం నుంచి అసలు తమాషా మొదలైంది. ఆపరేటర్ కిటికీలో శాంపిల్ పెడుతూ, వెనకాల నలుగురు ఉండగా, ఎంతో ఆప్యాయంగా అడిగేవాడు. "పాప బీఎస్సీల చేరిందా సార్?" నేను చేరిందన్నాను. ఇంకేం చెప్పను. "ఏ కాలేజీ సార్?" హైదరాబాదులో అన్నాను, కాలేజీ పేరు గొణిగాను. నెల నెలా ఆ ప్రశ్న వచ్చేది. క్యాంటీనులో పప్పు వడ్డించుకుంటూ అడిగేవాడు, కంపెనీ బస్సులో ముందు సీటు నుంచి వెనక్కి తిరిగి అడిగేవాడు. "ఫస్టియర్ల ఎన్ని మార్కులొచ్చినయ్ సార్?" నేను మార్కులు వేసేవాణ్ణి. మూడేళ్లకు మా అమ్మాయి చేత బీఎస్సీ పూర్తి చేయించాను. ఆపైన ఎమ్మెస్సీలో చేర్పించాను. అది కూడా అయిపోయేసరికి గత్యంతరం లేక పీహెచ్‌డీలో చేర్చాను. ఇంట్లోనేమో మా అమ్మాయి బీటెక్ అయిపోయి, నాలుగేళ్లు చదివిన కెమికల్ ఇంజనీరింగ్‌ను అటకెక్కించి, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. చదువు పూర్తయ్యాక రియాక్టరు మొహం చూసిన పాపాన పోలేదు. ఆ ఒక్క సీటు వృథా కావడానికే అక్కడ మిగిలిందన్నమాట.

ఆపరేటర్ అమాయకత్వం చూసి నాకు జాలి వేసేది. ఇంత పెద్ద కంపెనీలో ఇంత సులువుగా మోసపోయేవాడు ఇంకొకడు ఉండడని అనుకునేవాణ్ణి. అతని కూతురు సంగారెడ్డిలో బీఎస్సీ, ఆ తర్వాత ఎమ్మెస్సీ చేసి, మా పక్క కంపెనీలోనే ల్యాబులో చేరిందని అతనే చెప్పాడు. చూశావా, నా మాట వింటే ఎంత బాగుపడిందో అన్నట్టు నేను తలూపాను.

తొమ్మిదేళ్లు గడిచాక మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లికార్డు మీద పేరు పక్కన డిగ్రీ వేయడం మన ఆచారం కదా. అమ్మాయి బీటెక్ అని కార్డు మీద లేకపోతే తమ బంధువుల ముందు తల ఎత్తుకోలేమని వియ్యంకుడు ఫోను చేశాడు. సరేనని ప్రెస్సుకు వెళ్లాను. కంపెనీలో పంచడానికి ఒక వంద కార్డులు మాత్రం డిగ్రీ లేకుండా వేయమని ప్రెస్సు అతన్ని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"లేని డిగ్రీ వెయ్యమనేటోళ్లను మస్తుగ చూసిన సార్. ఉన్న డిగ్రీ తీసెయ్యమన్నోళ్లను మిమ్మల్నే చూస్తున్న."

డిగ్రీ లేని కార్డు ఒకటి తీసుకెళ్లి, పసుపు కుంకుమ అద్ది, కిటికీలోంచి ఆపరేటర్‌కు ఇచ్చాను. అతను చేతులు తుడుచుకుని అందుకున్నాడు. అలవాటు ప్రకారం వేలు పెట్టి పై నుంచి చదువుకుంటూ వచ్చాడు. మా అమ్మాయి పేరు దగ్గర వేలు ఆగింది.

"పాప పేరు పక్కన బీటెక్ అని పెట్టలే ఏంది సార్? అంత కష్టపడి చదివింది గద."

నేను కిటికీ మీదికి వంగాను. గొంతు తగ్గించి అడిగాను.

"నీకు ఎప్పుడు తెల్సింది?"

"ఆ దినమే సార్. తిరుగు బస్సుల మా బిడ్డ చెప్పింది. వద్దని చెప్పనీకె వచ్చినోళ్లు డీడీ తెచ్చుకోరు నాయినా అన్నది."

"మరి ఇన్నేండ్లు బీఎస్సీ ఎట్లుంది, మార్కులెన్ని అని ఎందుకడిగినవ్?"

"మీరు చెప్పుతుంటె వినబుద్ధయ్యేది సార్" అన్నాడు. మొహంలో ఎక్కడా నవ్వు లేదు. "పీహెచ్‌డీ ముచ్చటైతే మా ఇంట్ల అందరికి చెప్పిన." తర్వాత కార్డును జాగ్రత్తగా జేబులో పెట్టుకుంటూ అన్నాడు. "ఇయ్యాల గాకుంటె రేపన్న నిజం చెప్తరేమో అని సుత అడిగిన."

అమాయకుడని నేను జాలిపడిన మనిషి తొమ్మిదేళ్లు నెలకోసారి నన్ను పరీక్షకు పెట్టాడు. ప్రతిసారీ ఫెయిల్ చీటీ రాసుకుని, నాకు చూపించకుండా దాచుకున్నాడు. ముక్కు మంచిదని ముందే చెప్పాను కదా.

ఆపరేటర్ పెళ్లికి వచ్చాడు. రాకుండా ఉండాలంటే చెప్పి రాకుండా ఉండాలి కాబట్టి వచ్చాడేమో అనుకున్నాను. ఇద్దరు కూతుళ్లూ వెంట ఉన్నారు. భోజనాలయ్యాక, సిగ్గు విడిచి పెద్దమ్మాయి పక్కన కుర్చీలో కూర్చుని ఉద్యోగం ఎలా ఉందని అడిగాను.

"మంచిగనే ఉన్నది సార్. గ్లాసుల అయ్యేది రియాక్టర్ల ఎందుకు ఖరాబైతదో ఇప్పుడు నాకు జెర జెర తెల్సు. గా సంగతి మీటింగుల చెప్పబోతే, మీది ఎమ్మెస్సీ కదమ్మా, ల్యాబు చూసుకోండి అంటరు. చెప్పెటోడు నాకంటే మూడేండ్లు చిన్న. బీటెక్."

ఆ మాట అన్నవాణ్ణి తిట్టడానికి నా దగ్గర కావలసినన్ని మాటలు ఉన్నాయి. జీవితమంతా అవే పోగు చేశాను. వాటన్నిటినీ పక్కన పెట్టాను. నాది తప్పు బిడ్డా అన్నాను. అనడానికి తొమ్మిదేళ్లు పట్టిన ముక్క అది. ఆమె ఫరవాలేదు సార్ అనలేదు. అననందుకు ఆమె మీద నాకు గౌరవం పెరిగింది.

పక్కన నిలబడి ఉన్న చెల్లెలి చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అప్పుడు టీ హోటల్లో బన్ను తిన్న పిల్ల, అక్కంత ఎత్తు అయింది.

"దీనిది ఇంటర్ అయిపోయింది సార్. అప్లికేషన్ పెట్టాలె. మీ సలహా కోసమే తోలుకొచ్చిన. మీరు ఏది వద్దంటే అది రాయిస్త."

ఆపరేటర్ పక్కకు తిరిగి పందిరి కేసి చూడసాగాడు. నేను ఆ చిన్నపిల్లను, నా జీవితంలో మొదటిసారి, ముందుగా అడిగాను. "నీకేం చదవాలని ఉన్నది బిడ్డా?"

"ఫిజిక్స్ సార్. బీఎస్సీ."

"అయితే ఫిజిక్స్ వద్దు" అన్నాను.

పెద్దమ్మాయి సంచిలోంచి అప్లికేషన్ తీసి, అక్కడే నా ముందే, ఒళ్లో పెట్టుకుని ఫిజిక్స్ అని రాసింది.